దేముడమ్మ కూతురిది ఏ ఊరు

రంగూన్‌లోని తామ్వే పేటలో దేముడమ్మ ఇల్లెక్కడని అడిగితే, మొదట్లో "ఏ దేముడమ్మ?" అని ఎదురు అడిగేవారు. మన వైపు వాళ్ళలో దేముడమ్మలకు కరువా? వీధికి ఇద్దరైనా ఉంటారు. తరవాత్తరవాత ఆ చిక్కు లేకుండా పోయింది. "రాజధానుల గుంట తల్లి" అంటే చాలు, గుంటంటే మన వైపు ఆడపిల్లే కదా, వేలు చాపి చూపించేవారు. చూపించి ఊరుకోకుండా, లోపలికి వెళ్ళినవాళ్ళు ఏ మొహంతో బయటికొస్తారో చూద్దామని అక్కడే నిలబడేవారు. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా!

ఆమెది పాలకొండ తాలూకా కొత్తవలస. "రైలాగే కొత్తవలస కాదు" అని ఆ మాట ముందే చెప్పేసేది, లేకపోతే అందరూ ఆ రైలు ఊరే అనుకుంటారని. చిన్నప్పుడే తండ్రి వెంట ఓడెక్కి రంగం, అదే రంగూన్, వచ్చింది. తండ్రి రేవులో బియ్యం బస్తాలు మోసి మోసి ఇక్కడే మట్టిలో కలిసిపోయాడు. ఇన్సేన్ రైలు కార్ఖానాలో ఫిట్టరుగా ఉన్న టిన్ ఆంగ్ అనే బర్మా అతన్ని ఆమె ఇష్టపడి చేసుకుంది. మనవాళ్ళు కొన్నాళ్ళు మొహాలు తిప్పుకుని, మెడలు నొప్పెట్టాక మళ్ళీ పలకరించడం మొదలుపెట్టారు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, హేల్ అనే అమెరికా దొర బంగళాలో ఆయాగా కుదిరింది.

దొర బియ్యం మిల్లులకు యంత్రాలు అమ్మే మనిషి. వాళ్ళకు రూత్ అని ఒక్కతే కూతురు. చంటిపిల్లగా ఉన్నప్పుడే సముద్రం దాటించి తెచ్చారు కాబట్టి, పిల్లకి తన దేశం గుర్తులేదు. పెద్దయ్యాక కూడా తెలియకుండా పోతుందేమోనని దొరసానికి బెంగ. అందుకని పొద్దుటిపూట గోడకి పటం తగిలించి, అమెరికాలో ఉన్న రాష్ట్రాలన్నీ, వాటి రాజధానులన్నీ ఆవిడే వల్లె వేయించేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రూత్ పంతులమ్మ అయ్యేది, ఆయా బడిపిల్ల అయ్యేది. దొరసాని బిడ్డకి ఇంగ్లీషు నేర్పితే, దేముడమ్మ తనకు తెలియకుండానే కొత్తవలస తెలుగు నేర్పేసింది మరి.

"న్యూయార్కుకి రాజధాని ఏటి, సెప్పు."

"న్యూయార్కే."

"కాదు. ఆల్బనీ."

"అంత పెద్ద ఊరు పెట్టుకుని ఇంకో ఊరేటి?"

"నాకేటి తెలుసు. మా దొరలంతే."

ఆ పిల్లకి అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఇంకోటుంది. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా మీదే ఊరని అడిగితే స్ప్రింగ్‌ఫీల్డ్ అనేది. "ఆహా, ఇల్లినాయి రాజధాని" అనేవాడు వచ్చిన దొర, తనకు తెలుసన్నట్టు తలాడించి. అప్పుడు రూత్ గెంతులు వేసేది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లు ఒకటా రెండా, ఒహాయోలో ఒకటి, మిస్సోరీలో ఒకటి, మాసచూసెట్స్‌లో ఒకటి. తమది అవేవీ కాదు, వెర్మాంటులో ఉన్న చిన్న ఊరు. ఆ పేరున్న ఊళ్ళలో ఎవరికీ గుర్తుండనిది అదేనట. ఇది విన్నరోజు దేముడమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "మాదీ అంతేనమ్మా, రైలాగని కొత్తవలస" అంది. ఆనాటినుంచి ఇద్దరూ ఒక ఊరివాళ్ళలా ఉండేవారు.

పిల్లని పడుకోబెట్టడానికి జోలపాట కూడా రాజధానులే. దేముడమ్మ రాష్ట్రం పేరు రాగం తీసేది, "మేయినూ..." అని. "అగస్టా" అనేది రూత్. "ఒహాయో..." అంటే "కొలంబస్". "వెర్మాంటూ..." దగ్గరికి వచ్చేసరికి "మాంట్‌పీలియర్" అన్న మాట సగంలో నిద్రలోకి జారిపోయేది.

ఒక వానాకాలం రూత్‌కి జ్వరం వచ్చింది. ఎందరు డాక్టర్లు వచ్చినా తగ్గలేదు. పిల్ల పోయింది.

దొరసాని మంచం పట్టింది. శవపెట్టె వచ్చేలోపు పిల్లకి స్నానం చేయించే పని దేముడమ్మ మీద పడింది. పొద్దున్నే అత్తగారు డా మ్యా ఒక మాట చెప్పి పంపింది. పోయిన బిడ్డ ఒంటిమీద దీపం మసి పూస్తే, మళ్ళీ ఎక్కడ పుట్టినా ఆ చోటే మచ్చ పడుతుంది, మనం గుర్తుపట్టొచ్చు అని. బర్మావాళ్ళలో ఇది మామూలే. దేముడమ్మకి ఇలాంటివాటిమీద అంత నమ్మకం లేదు. అయినా ఆ చల్లబడిన ఒంటిని తుడుస్తూ తుడుస్తూ, దీపం బుడ్డి మీద వేలు రాసి, ఎడమ చెవి వెనకాల మసి పూసింది. మళ్ళీ చూడాలనిపించింది, అంతే. దొరసానిని అడగలేదు. హేల్ దంపతులు ఆ నెలలోనే కలకత్తా వెళ్ళిపోయారు.

ఏడాది తిరక్కుండా, ఆశ వదిలేసుకున్న కడుపు పండింది. ఆడపిల్ల. మంత్రసాని పక్కన కూర్చున్న డా మ్యా పసిదాని తల తిప్పి చూసి, లాంతరు దగ్గరికి తెమ్మంది. ఎడమ చెవి వెనకాల నల్లటి మచ్చ. పుట్టుమచ్చ లేని మనిషి ఎవరుంటారు, అంది దేముడమ్మ. పైకి అంతకంటే ఏమనగలదు? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని.

పిల్లకి ఖిన్ ఖిన్ అని పేరు పెట్టుకున్నారు. ఉయ్యాల ఊపుతుంటే దేముడమ్మ నోటికి వేరే జోల రాలేదు. రాష్ట్రమూ తనే అనేది, రాజధానీ తనే అనేది. మాటలొచ్చాక పిల్ల రాజధానులు అందుకుంది. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ఇందులో ఏం వింతుంది? భజన చేసే ఇంట్లో పిల్ల రామా అనదా? దేముడమ్మ తనకి తాను అలాగే సర్దిచెప్పుకుంది, ఒక మధ్యాహ్నం వరకు.

ఆ మధ్యాహ్నం ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎవరో కొత్తావిడ పిల్లని ముద్దుచేస్తూ, "ఏ ఊరమ్మా మీది?" అంది.

"స్ప్రింగ్‌ఫీల్డ్" అంది ఖిన్ ఖిన్.

చేట ఆగిపోయింది. జోలపాటలో ఇల్లినాయి వస్తుంది, దాని వెంట స్ప్రింగ్‌ఫీల్డ్ వస్తుంది. అక్కడే విని ఉంటుంది. దేముడమ్మ చేట కింద పెట్టి, "ఇల్లినాయిదా అమ్మా?" అంది.

"కాదు. వెర్మాంటుది. సిన్నది."

ఆ ముక్క పాటలో లేదు. ఆమె ఎవరికీ చెప్పనూ లేదు. నిద్రలో కలవరించానేమో అనుకుంది, అనుకుని నమ్మలేకపోయింది. ఆ రోజునుంచి పిల్లకి జడ వేస్తుంటే ఎడమ చెవి మీదికి జుట్టు లాగి మచ్చ కప్పేసేది. పిల్ల మెట్టుమీద నిలబడి రోడ్డుకేసి చూస్తుంటే ఎవరికోసమా అని లోపలికి లాక్కొచ్చేది. అయితే ఒక్క భయమే అని చెబితే అబద్ధం. దాని వెనకాలే సిగ్గులేని సంతోషం కూడా ఉండేది. "మేయినూ..." అన్నప్పుడు అవతలినుంచి జవాబు వస్తే, పోయినదీ ఉన్నదీ ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నట్టుండేది.

ఖిన్ ఖిన్‌కి నాలుగేళ్ళు దాటాక హేల్ దొరసాని రంగూన్ వచ్చింది. భర్తకి కలకత్తా ఉద్యోగం అయిపోయిందట. కూతురి సమాధి చూసుకుని, అమెరికా ఓడెక్కి శాశ్వతంగా వెళ్ళిపోవాలని వచ్చింది. బంగళాలో పాత వంటవాడు బుల్లియ్య నోరు ఊరుకుంటుందా, తామ్వే కథంతా ఆవిడ చెవిన వేశాడు. మర్నాడు వాడే వచ్చి కబురు చెప్పాడు.

"రేపు నీ గుంటని సూడ్డానికి వస్తాదట. తమ ఊరు తెలిసినట్టయితే అడిగి తీసుకెల్తానంతాది. పెద్ద సదువు సెప్పిస్తాదట."

"ఎవులి గుంటని ఎవులు తీసుకెల్తారు?" అంది దేముడమ్మ.

టిన్ ఆంగ్ నేల చూస్తూ, అక్కడైతే మహారాణిలా బతుకుతుందేమో అన్నాడు. డా మ్యా మాత్రం, పాత తల్లి రుణం కూడా రుణమే కదా అని నసిగింది. ఇంట్లో తన పక్షాన ఒక్కరూ లేరని దేముడమ్మకి అర్థమైంది. ఆవిడ ఏం అడుగుతుందో కూడా అర్థమైంది. రాజధానులు ఎవరైనా నేర్పొచ్చు. ఏ స్ప్రింగ్‌ఫీల్డ్ అన్నది మాత్రం రూత్‌కే తెలుసునని ఆవిడ నమ్మకం.

పిల్లని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"మీ ఊరేదని దొరసాని అడిగితే, ఇల్లినాయిలో స్ప్రింగ్‌ఫీల్డ్ అని సెప్పాల."

"అది తప్పు కదమ్మా."

"తప్పే. అయినా అలాగే సెప్పాల. నా మీద ఒట్టు."

పిల్ల చాలాసేపు తల్లి మొహం చూసింది. తరవాత సరేనంది.

దొరసాని గుర్రబ్బండిలో వచ్చింది. ఎంత చిక్కిపోయిందంటే, దేముడమ్మ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఆవిడ ముందు చెవి చూడలేదు, మచ్చ సంగతి ఎత్తలేదు. చాపమీద పిల్ల ఎదురుగా కూర్చుని రాష్ట్రాలు అడిగింది. ఖిన్ ఖిన్ గుక్క తిప్పుకోకుండా రాజధానులన్నీ చెప్పింది. దొరసాని ఆయాకేసి తిరిగి, ఇవన్నీ నువ్వు నేర్పినవే కదా అన్నట్టు నవ్వబోయింది. ఆపైన వంగి, మెల్లిగా ఆఖరి ప్రశ్న వేసింది. మనది ఏ స్ప్రింగ్‌ఫీల్డ్, తల్లీ?

పిల్ల దేముడమ్మకేసి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఇల్లినాయి" అంది.

దొరసాని కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, అందరూ అలాగే అంటారని ఇంగ్లీషులో అంది. ఖిన్ ఖిన్ నుదుట ముద్దు పెట్టుకుంది. దేముడమ్మ చేతులు రెండూ పట్టుకుని, నా బిడ్డని బాగా చూసుకున్నావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అంది. దేముడమ్మ ఆ చేతుల్లోనుంచి తన చేతులు లాక్కోలేకపోయింది. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. నిజం నోటిదాకా వచ్చింది. పిల్లని చూసుకుని మింగేసింది.

బండి మలుపు తిరిగేదాకా ఖిన్ ఖిన్ మెట్టుమీదే నిలబడింది. డా మ్యా లోపల తమలపాకులు చుడుతూ, తలెత్తకుండా అంది:

"ఊరు తప్పు చెప్పించావు. అన్ని ఊళ్ళున్నాయంటారు ఆ పేరుతో. ఇప్పుడా దొరల బిడ్డ తన ఇల్లు ఏ ఊళ్ళో వెతుక్కుంటుంది?"

దేముడమ్మ గెలిచాననుకుంది. ఆ పూట పిల్లకి ఇష్టమైన కూర వండి, కడుపునిండా తినిపించింది. మర్నాడు మధ్యాహ్నం చాపమీద పక్కన పడుకోబెట్టుకుని జోకొడుతూ రాగం తీసింది.

"మేయినూ..."

పిల్ల పలకలేదు. నిద్రొచ్చిందేమో అనుకుంది.

"వెర్మాంటూ..."

ఖిన్ ఖిన్ కళ్ళు విప్పి చూసింది. అవి అచ్చంగా టిన్ ఆంగ్ కళ్ళు. అంతకుముందు ఆ పోలిక ఆమెకి ఎప్పుడూ కనిపించలేదు.

"అదేటమ్మా?" అంది పిల్ల.

దేముడమ్మ కోరుకున్నది అదే. ఆమె కూతురు ఇప్పుడు ఆమె కూతురే, ఇంకెవ్వరిదీ కాదు. పిల్ల నిద్రపోయేదాకా ఎలాగో జోకొట్టింది. తరవాత పెరట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, రూత్ పోయిననాడు కూడా ఏడవనంత ఏడ్చింది.