మొలతాటికి కట్టుకున్న కారు

నేను ఆల్ప్స్ కొండల్లో కారు నడిపానంటే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. టీ బంకు దగ్గర కూర్చునే పెద్దమనుషులు మీసాల చాటున నవ్వుకుంటారు. "కువైట్‌కి పోయినోడివి, యాడో ఒంటెల కాడ ఉండి వచ్చింటావు. మంచుకొండలంట మంచుకొండలు!" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ. ఆ మలుపులు నా చేతులకు తెలుసు, నా కుడికాలికి తెలుసు. సాక్ష్యాలు తెచ్చి చూపించే ఓపిక నాకు లేదు.

కువైట్‌కు పోకముందు కడప నుంచి రాయచోటికి అద్దె అంబాసిడర్ నడిపేవాణ్ణి. మధ్యలో గువ్వలచెరువు ఘాటు ఉంటుంది. ఆ ఘాటులో బతికి బట్టకట్టాలంటే ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకును నమ్ముకోకూడదు. మలుపు మలుపుకూ హారన్ కొట్టాలి. ఘాటు మొదట్లో బండి ఆపి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలి. ఇవి నాకు ఎవరూ బడిలో చెప్పలేదు. మా గురువైన డ్రైవరు ముడ్డి మీద తన్ని నేర్పించాడు.

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. మా కఫీల్ కుటుంబం ఏటా వసంతంలో ఆల్ప్స్ కొండల కింద ఒక పల్లెలో ఇల్లు తీసుకుని ఉండేది. కారును ముందే ఓడలో ఇటలీ రేవుకు పంపేవాళ్లు. కువైట్ చూస్తే అరచేయిలా చదునుగా ఉంటుంది. అక్కడ బండి నేర్చుకున్నవాడికి దిగుడు అంటే ఏమిటో తెలియదు. నాకు ముందున్న డ్రైవరు ఆ కొండ దిగుతూ బ్రేకులు మాడ్చి, పొగలు తెప్పించి, వాళ్లను చావు దాకా తీసుకుపోయి వచ్చాడు. మరుసటి ఏడు కఫీల్ "కొండల్లో నడిపినోడు ఎవడైనా ఉన్నాడా" అని కువైట్‌లో మనవాళ్లు ఉండే బ్నీద్ అల్ గార్ గదుల్లో అడిగించాడు. నేను చెయ్యెత్తాను. అట్లా కడప డ్రైవరు ఆల్ప్స్ ఎక్కాడు.

మొదటి ప్రయాణంలోనే పరువు తీశాను. మలుపు కనబడితే నా చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోతుంది. ఆ పల్లెలు ఎట్లా ఉంటాయంటే, చెక్క ఇళ్లు, కిటికీకో పూల కుండీ, మెడలో గంటలు కట్టిన ఆవులు, ఆ గంటలు తప్ప వేరే చప్పుడు లేదు. అందులో నేను ప్రతి మలుపుకూ హారన్ మోగించుకుంటూ పోయాను. రెండో పల్లెలో జనం కిటికీలు తెరిచి చూశారు. మూడో పల్లెలో ఒకావిడ చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. నాలుగో పల్లెలో పోలీసు ఆపాడు. ఆవులు బెదిరి కంచె దాటాయట. కఫీల్ మొహం ఎర్రబడింది. అతని భార్య తల దించుకుంది. అతని తల్లి మాత్రం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

అక్కడ పనివాళ్లు ఇంటి ఆడవాళ్లను మామా, అంటే అమ్మా, అంటారు; ఆమెను నేను పెద్ద మామా అనేవాణ్ణి. మోకాళ్లు చాచుకోవాలని ముందు సీటులో నా పక్కనే కూర్చునేది. కొడుకు వద్దన్నా వినేది కాదు. మా మాటలన్నీ అరబ్బీలోనే, ఆమెది మంచి అరబ్బీ, నాది విరిగిన అరబ్బీ. ఇక్కడ రాస్తున్నది నా భాషలోకి వచ్చిన మాట.

"కింద హారన్ కొట్టకు. కొండ పైకి పోయినాక కొట్టు, ఆడ ఎవరూ ఉండరు" అంది ఆ రోజు.

మే నెలాఖరులో కనుమ దారి తెరిచేవాళ్లు. రోడ్డుకు రెండు పక్కలా మనిషికి రెండింతల ఎత్తున మంచు గోడలు ఉండేవి. మంచు కరిగిన చోటల్లా చిన్న చిన్న పసుపు పూలు లేచేవి. కొసకు చేరాక నేను బండి ఆపేవాణ్ణి. ఎదురుగా లోయ, లోయలో అగ్గిపెట్టెల్లా పల్లెలు. అప్పుడు పెద్ద మామా "యల్లా", అంటే ఇక కానీయ్, అనేది. నేను ఒక్కసారి, గట్టిగా, చాలాసేపు హారన్ కొట్టేవాణ్ణి. ఆ శబ్దం కొండకు తగిలి తిరిగి వస్తుంటే చెవి ఒగ్గి వినేది. తక్కినవాళ్లు కింద ఊళ్లో షాపులు తిరుగుతుంటే మేమిద్దరం ఇట్లా కొండలు ఎక్కి దిగేవాళ్లం.

నిమ్మకాయ సంగతి ఆమెకు మొదట నచ్చలేదు. "ఏంది ఈ మాయలు" అని కసిరింది. రెండో ఏడు ఘాటు మొదట్లో బండి ఆపగానే చేతిసంచిలోంచి తనే నిమ్మకాయ తీసి ఇచ్చింది. నేను దిగి చక్రం కింద పెట్టాను. ఆమె కిటికీ లోంచి అటు చూసింది.

నాలుగు వసంతాలు అట్లా నడిచాయి. ఆ నాలుగో ఏడు, అంటే తొంభైలో, జూలైలో ఆమె, నేను ముందుగా కువైట్‌కు తిరిగి వచ్చేశాం. ఇంటి తాళం ఎక్కువ రోజులు పరాయి చేతుల్లో ఉండటం ఆమెకు గిట్టదు. కారు కూడా వెనకాలే ఓడలో వచ్చింది. కొడుకూ కోడలూ అక్కడే ఉండిపోయారు. ఆగస్టులో ఒక పొద్దున లేచి చూస్తే మా వీధి చివర ఇరాకీ ట్యాంకు నిలబడి ఉంది.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. పెద్ద మామా, నేను, రాజంపేట నుంచి వచ్చిన పనిమనిషి. ఆ అమ్మాయి నన్ను అన్నా అని పిలిచేది. పెద్ద మామాకు చక్కెర జబ్బు. వారానికోసారి ఆసుపత్రికి పోతే అక్కడ మిగిలిన నర్సులు వారానికి సరిపడా సూది మందు ఇచ్చేవాళ్లు. మోకాళ్ల వల్ల ఆమె పది అడుగులు నడవలేదు, టాక్సీలు లేవు. అంటే ఆ కారు ఉంటేనే ఆమె ఉంటుంది. సిపాయిలు వీధి వీధీ తిరిగి కార్లు పట్టుకుపోతున్నారు.

వాళ్లు మా గేటు దాకా రాకముందే నేను పాత పని ఒకటి చేశాను. పెట్రోలు కారులో డిస్ట్రిబ్యూటర్ మూత కింద రోటర్ అని చిన్న ముక్క ఉంటుంది, రెండు వేళ్ల మధ్య పట్టేంత. అది తీసేస్తే ఇంజను ఎంత తిరిగినా అంటుకోదు. రాయచోటిలో టాక్సీ వదిలి పడుకోబోయే ముందు మేమంతా అది తీసి దగ్గర పెట్టుకునేవాళ్లం. ఎక్కడ పెట్టుకునేవాళ్లం? గుడ్డలో చుట్టి మొలతాటికి కట్టుకునేవాళ్లం. జేబు ఎవడైనా వెతుకుతాడు. మొలతాడు ఎవడు వెతుకుతాడు?

ఆ రోజు నుంచి పెద్ద మామా కారు నా నడుముకే ఉంది. ఆసుపత్రికి పోయే రోజు విప్పి బిగించేవాణ్ణి, ఇంటికి రాగానే తీసి కట్టుకునేవాణ్ణి. నంబరు పలకలు మార్చుకుని వాళ్ల దేశం పలకలు తగిలించుకోమన్నారు. మార్చలేదు. ట్యాంకులు లేని సందుల్లో పడి నడిపాను.

కొన్నాళ్లకు మనవాళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు చేర్చి అక్కడి నుంచి విమానం ఎక్కిస్తున్నారని తెలిసింది. పనిమనిషి మూట కట్టుకుంది. "రాన్నా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? పరాయోళ్ల కారు కోసరం సచ్చిపోతావా? ఆ ముసిలామె నీకు అమ్మా, అత్తా?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

పెద్ద మామా కూడా పొమ్మంది. "నీ బాకీ ఏం లేదు నాకు. ఖలాస్, పో" అని నా బట్టల సంచి తనే గుమ్మంలో పెట్టించింది. నాకు ఒళ్లు మండింది. నేను బాకీ కోసం ఉన్నానా? నా చేతి కింద ఉన్న బండిని, నా పక్క సీటులో కూర్చునే మనిషిని ఎవడో తుపాకీ చూపించాడని వదిలి పోవాలా? సంచి తీసుకుపోయి మళ్లీ నా గదిలో పడేశాను. భయం లేదని కాదు. భయం చాలా ఉంది, దానికి మించి మొండితనం ఉంది. ఆ అమ్మాయిని మాత్రం బస్సు దాకా దించి వచ్చాను.

వాళ్లు ఒక మధ్యాహ్నం వచ్చారు. ఒక అధికారి, నలుగురు సిపాయిలు. తాళం ఇమ్మంటే ఇచ్చాను. కారు అంటుకోలేదు. పెద్ద మామా గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఆ కారు చచ్చింది. ఎత్తుకుపోయి మీ ఊళ్లో పూడ్చుకోండి" అంది. అధికారి పళ్లు కొరికాడు. సిపాయిల్లో ఒకడికి పని తెలుసు. మూత ఎత్తి చూసి, రోటర్ లేదన్నాడు.

"యాడ పెట్టినావు?" అని అధికారి గుడ్లురిమాడు.

"సముద్రంలో పారేసినా" అన్నాను.

తుపాకీ మడమతో భుజం మీద కొట్టారు. నా గది, వంటిల్లు, బియ్యం డబ్బా అన్నీ కుమ్మరించారు. చొక్కా విప్పించారు, జేబులు తిరగేశారు. పని తెలిసిన ఆ సిపాయే నా నడుము తడిమాడు. వాడి వేళ్లు గుడ్డ మూట మీద ఆగాయి. నల్లతాడు, దానికి చిన్న మూట.

"తాయెత్తా?" అన్నాడు మెల్లగా.

"అవును. మా అమ్మ కట్టింది" అన్నాను.

వాడు ఒకసారి నొక్కి చూశాడు. నా మొహం వైపు చూశాడు. చెయ్యి తీసేసి, "ఏమీ లేదు" అని అధికారితో చెప్పాడు. పని తెలిసినవాడికి రోటర్ ముక్క చేతికి తెలియకుండా పోతుందా? నాకు ఈనాటికీ అంతు పట్టలేదు. పోతూ పోతూ అధికారి కోపం పట్టలేక ముందు అద్దం పగలగొట్టించాడు.

మరుసటి వారం అద్దం లేని కారులోనే ఆసుపత్రికి పోయాం. గాలి మొహాన కొడుతుంటే పెద్ద మామా ముసుగు బిగించి పట్టుకుని, "కొండ గాలి మాదిరి లేదూ?" అంది. నేను ఆ గాలిలోనే ఆమెకు దారి చెప్పడం మొదలుపెట్టాను. ఇదిగో మొదటి మలుపు, ఇదిగో చీపురు ఆవిడ పల్లె, ఇక మంచు గోడలు. ఇంకో వసంతం మనకు ఉందని ఆమె నమ్మాలి. చలికాలమంతా, ప్రతి వారం, ఆసుపత్రి చేరేలోపు కనుమ కొస దాకా ఎక్కించేవాణ్ణి. హారన్ మాత్రం కొట్టలేదు. వీధుల్లో వాళ్లు ఉన్నారు.

ఫిబ్రవరి చివర్లో అమెరికా సైన్యం వచ్చిపడితే ఇరాకీలు పారిపోయారు. పోతూ నూనె బావులకు నిప్పు పెట్టారు. పట్టపగలే ఆకాశం నల్లగా కమ్ముకుంది. జనం వీధుల్లోకి వచ్చి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. పెద్ద మామా కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "వసంతం వచ్చింది గదా. కొండకు పోదాం పా" అంది.

"ఈడ కొండ యాడుంది పెద్ద మామా?"

"అల్ రాయ్ కాడ వంతెన ఉంది. అదే ఎక్కించు."

మొలతాడు విప్పి రోటర్ బిగించాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. గేటు దాటబోతుంటే ఆమె నా భుజం తట్టి ఆపింది. చేతిసంచిలోంచి నిమ్మకాయ తీసింది. పచ్చి నిమ్మకాయలు ఊళ్లో ఎక్కడా లేవు. అది కువైట్ వాళ్లు కూరల్లో వేసుకునే నల్లటి ఎండు నిమ్మకాయ. దిగి చక్రం కింద పెట్టాను. తొక్కితే పటుక్కున విరిగింది.

లైట్లు వేసుకుని వంతెన ఎక్కాను, కింది గేరులో, నిదానంగా. కొసన బండి ఆపాను. ఎటు చూసినా పొగ, పొగ వెనక మంటలు. ముందు అద్దం పోయిన ఖాళీలోంచి మసి మా మొహాల మీద పడుతోంది. పెద్ద మామా ఆ నల్లటి ఊరిని చాలాసేపు చూసింది.

"యల్లా" అంది.

ఏడు నెలలు ఆపుకున్న హారన్ అది. చెయ్యి నొప్పి పుట్టేదాకా తియ్యలేదు.