పోయొస్త అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ‘పోతున్న’ అని గడప దాటడానికి వీల్లేదు. ఎవరైనా నోరు జారి అన్నారంటే, మా అవ్వ వాళ్లను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ‘పోయొస్త’ అనిపించి గానీ కదలనిచ్చేది కాదు. ఎల్లారెడ్డిలో మా గల్లీ మొత్తానికీ అదే పద్ధతి. పాలు పోసే ఆయనా అదే అనేవాడు, సదాశివనగర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చే మా మేనత్తా అదే అనేది. పాలాయన మర్నాడు వస్తాడు. మేనత్త మళ్లీ ఏడాదికి గానీ రాదు. మరి ఇద్దరూ ఒకే మాట ఎందుకంటారు అని నేనడిగితే, అవ్వ నన్ను ‘వకీలు’ అని తిట్టేది. నాకు ప్రశ్నల పిచ్చి ఉండేది లెండి. ఇప్పటికీ పోలేదు.

మా పక్కింటి అక్క నర్సు. రోజూ పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డిలో ఒక ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లేది. వాళ్లు క్రైస్తవులు. క్రిస్మస్‌కు వాళ్ల కేకు మా ఇంటికి వచ్చేది, బతుకమ్మకు మా సద్దులు వాళ్లింటికి వెళ్లేవి. ఒక ఏడాది వాళ్ల చర్చివాళ్లు కొందరు యువతీయువకులను ఎంచి, సేవ చేయడానికి టాంజానియా అనే దేశానికి పంపారు. అందులో అక్క కూడా ఉంది. మా గల్లీలో దుబాయి, మస్కట్ పోయినవాళ్లు ఇంటికొకరున్నారు. కానీ జీతం లేని పనికి సముద్రాలు దాటి వెళ్లడం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. నాకైతే అస్సలు అంతుపట్టలేదు. అందుకే ఆమె తిరిగొచ్చిన రోజు నుంచి నేను మకాం వాళ్లింట్లోనే పెట్టాను.

ఎన్నెన్ని అడిగానో! అక్కడ వానలు ఎలా పడతాయి, బల్లులుంటాయా, చర్చి గంట మన గంటలాగే మోగుతుందా. అక్క బట్టలు మడతపెడుతూ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేది. అక్కడివాళ్లు మన మక్కగట్క లాంటి మొక్కజొన్న సంకటే తింటారని చెబితే మా అవ్వ ముఖం వెలిగిపోయింది. గట్క తినేవాళ్లయితే మనవాళ్లేనని తేల్చేసింది. అక్క అక్కడ బడిగోడలకు రంగులు వేసిందట, పిల్లలకు మన పాటలు నేర్పిందట, మధ్యాహ్నం పూట ఇల్లిల్లూ తిరిగి మందులిచ్చిందట. అలా తిరుగుతున్నప్పుడే ఆమెకు బీబీ దొరికింది. బీబీ అంటే సాయిబుల ఆమేమో అనుకున్నాను. కాదట, అక్కడ అవ్వను అలా పిలుస్తారట.

ఆ బీబీ ఒంటరిది. షుగరు వల్ల కాలికి పుండు పడింది. ఆసుపత్రి వాళ్లెవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అక్క ఎలా మచ్చిక చేసుకుందో గానీ, ఆమె చేత మాత్రం కట్టు కట్టించుకునేది. అక్కకు వాళ్ల భాష రాదు. ఆ ఊరి టీచరమ్మ ఒకామె వెంట ఉండి, అక్క ఇంగ్లీషులో చెప్పింది వాళ్ల మాటలో చెప్పేది. కట్టు కట్టడం అయ్యాక అక్క లేచి, మన అలవాటు కొద్దీ ‘ఐ విల్ గో అండ్ కమ్’ అనేది. అంటే మన పోయొస్తనే. టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేది. మర్నాడు అక్క వచ్చేది. ఉన్నన్నాళ్లూ ఇదే వరస. ఆఖరి రోజు కూడా బీబీని కౌగిలించుకుని, కళ్లు తుడుచుకుని, ఆ మాటే అని వచ్చేసింది. ఇదంతా అక్క మాకు ముచ్చటగా చెప్పింది, మేమూ ముచ్చటగానే విన్నాం.

కొన్నాళ్లకు కామారెడ్డిలో వాళ్ల చర్చిలో కోతల పండుగ వచ్చింది. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ తెచ్చి అక్కడ పెడతారని విని, చూసి తీరాలని అక్క వెంటపడి వెళ్లాను. ఆరాధన అయ్యాక పాస్టరుగారు అక్కను పక్కకు పిలిచారు. ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను. ఆ ఊరి నుంచి ఫోను వచ్చిందట. బీబీ రోజూ మధ్యాహ్నం గట్క వండి, ఇద్దరికీ పళ్లేలు పెట్టి, గుమ్మంలో కూర్చుంటోందట. ఆసుపత్రి వాళ్లు వస్తే కాలు లాక్కుంటోందట. ఆ పిల్ల వస్తానంది, ఆమే వచ్చి కట్టు విప్పుతుంది అంటోందట. పుండు ముదిరి వేళ్లు నల్లబడ్డాయి, ఇలాగే ఉంటే కాలు తీసేయాల్సి వస్తుంది అన్నారట.

"నేను పోతున్న అనే అర్థంల చెప్పిన అయ్యగారూ," అంది అక్క. "మన దిక్కు గట్లనే అంటరు గదా."

మర్నాడు పాస్టరుగారి ఇంటి నుంచి ఫోను చేసి, బీబీతో అక్కనే మాట్లాడించారు. తాను రాలేనని, కట్టు వేరేవాళ్ల చేత కట్టించుకోమని టీచరమ్మ ద్వారా చెప్పించింది. బీబీకి ఆ చెప్పిందేదీ ఎక్కలేదు. అక్క గొంతు వినబడటంతోనే పకపకా నవ్వి, దారి మలుపు దాకా వచ్చావా, గట్క చల్లారిపోతోంది, తొందరగా రా అందట. అక్క ఫోను పెట్టేసి అక్కడే కూలబడిందని వాళ్లమ్మ వచ్చి మా అవ్వకు చెప్పింది.

నేను ఊరుకుంటానా? పోతున్న అంటే తప్పు, పోయొస్త అంటే అబద్ధం, మరి మనిషి ఏమనాలి అని అవ్వను నిలదీశాను. ఆ రోజు అవ్వ నన్ను వకీలు అనలేదు. చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరసాగింది.

ఆ నెలలోనే చర్చివాళ్లు ఇంకో జట్టును అక్కడికి పంపుతున్నారు. వాళ్లలో ఒకరు ఆగిపోతే అక్క తన పేరు ఇచ్చింది. కామారెడ్డి ఆసుపత్రిలో మళ్లీ సెలవు ఇవ్వలేమన్నారు. వెళ్తే ఇక డ్యూటీకి రానక్కర్లేదన్నారు. ఆ ఉద్యోగం కోసం వాళ్ల బాపు ఎందరి చుట్టూ తిరిగాడో గల్లీకంతా తెలుసు. ఆయన బస్సు కండక్టరు, మెల్లగా మాట్లాడటం చేతకాదు. గోడకు ఇవతల ఉన్న మాకు ప్రతి మాటా వినబడింది.

"ఆడ డాక్టర్లు లేరా? నర్సులు లేరా? నువ్వే పోవాల్నా?"

"ఉన్నరు బాపు," అంది అక్క. "కానీ ఆమె వాళ్ల కోసం సూస్తలేదు. నా కోసం సూస్తున్నది."

బయలుదేరే రోజు అక్క పెట్టె మోసింది మాత్రం ఆయనే.

ఆ రోజు అక్క మా గడపలోకి వచ్చి నిలబడింది. ఆ మాట అంటుందా, అనదా అని నేను కళ్లప్పగించి చూస్తున్నాను. "పోయొస్త అవ్వా," అంది. కొంచెం ఆగి, "నెల నిండకముందే వస్త" అని కలిపింది. అవ్వ ఆమె తల నిమిరి పంపింది.

అన్నట్టే వచ్చింది. కామారెడ్డి ఉద్యోగం నిజంగానే పోయింది. చాలా నెలలు ఖాళీగా ఉండి, చివరికి బాన్సువాడలో చేరింది. బీబీకి వేళ్లు పోయాయి గానీ కాలు దక్కింది. ఇవన్నీ అందరూ అడిగారు. నేను అడగాలనుకున్నది వేరే. ఈసారి వచ్చేటప్పుడు బీబీకి ఏమని చెప్పావు అన్నాను.

‘పోతున్న’ అందామంటే నోరు రాలేదట, ‘పోయొస్త’ అందామంటే భయం వేసిందట. చివరికి టీచరమ్మను పక్కన పెట్టుకుని, మా దేశంలో మళ్లీ రాలేనివాళ్లు కూడా పోయొస్త అనే అంటారని, తనది చాలా దూరమని, మళ్లీ రావడం తన చేతుల్లో లేదని విడమరిచి చెప్పింది. ఇకమీదట కట్టు కట్టబోయే అక్కడి నర్సు చేతిని తీసుకుని బీబీ చేతిలో పెట్టింది. బీబీ అంతా విని, మరి మీ దేశంలో ఇంట్లో మిగిలినవాళ్లు ఏమంటారు అని అడిగిందట. ‘పోయిరా’ అంటారని అక్క చెప్పింది. బీబీ ఆ మాటను నోట్లో నాలుగైదుసార్లు తిప్పుకుంది. అక్క బండి ఎక్కుతుంటే, కట్టుకాలి మీద గుమ్మం దాకా నడిచొచ్చి, గట్టిగా ‘పోయిరా’ అందట.

"నేను రానని తెల్సి గూడ అన్నది చెల్లె," అని చెబుతూ అక్క ఏడ్చింది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఎవరింటి నుంచి లేచినా నేనూ పోయొస్తననే అంటాను, అవ్వ దిద్దిన నోరు కదా. అన్నాక ఎప్పుడొస్తానో కూడా చెబుతాను, చెప్పిన నాటికి వస్తాను. ఎప్పుడో చెప్పలేని చోట మాత్రం, లేచినదాన్ని మళ్లీ కూర్చుని ఇంకో చాయ్ అడుగుతాను.