ముద్ర లేని పాట

రియాద్‌లోని బతా బజారులో శుక్రవారం పూట టీ అడిగితే చక్కెర పాకం ఇస్తారు. తగ్గించమంటే దుకాణదారు తలూపుతాడు, అంతకు మించి ముందుకెళ్లడు. ఏళ్ల తరబడి ఇదే ఫిర్యాదు చేస్తూ అదే దుకాణానికి వెళ్తున్నాను. ఇంజినీరింగ్ చదువు నాకిచ్చిన వివేకం అంతవరకే.

ఒక సింధీ కవి నాకు పరిచయమైంది అక్కడే. ఊరవతల అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీలో పాలు పరీక్షించే ఉద్యోగం ఆయనది. శుక్రవారాలు బస్సెక్కి వచ్చేవాడు. మా మధ్య ఉర్దూ నడిచేది. నా హైదరాబాదీ ఉర్దూను ఆయన మౌనంగా భరించేవాడు; అక్కడే స్నేహం కుదిరింది.

ఆయన తలనిండా ఒక సూఫీ ఉండేవాడు. వందల ఏళ్ల కింద సింధ్‌లో భూమి లేనివాళ్లను పోగేసి, కలిసి దున్నండి, పండింది కలిసి తినండి అన్నవాడు. జమీందార్లకు నచ్చలేదు, ప్రాణం పోయింది. అంతకుముందు మా కవి వెన్నెల మీద, విరహం మీద రాసేవాడట. ఆ సూఫీ దొరికాక ఎడ్లు వచ్చాయి, కూలీలు వచ్చారు. వెన్నెల మళ్లీ కనబడలేదు.

సింధీ పాటల ఆఖర్లో కవి తన పేరు చెప్పుకుంటాడు, మన కీర్తనల్లో ముద్రలాగా. ఈయన అదీ పీకేశాడు. పొలం దున్నినవాడిదైతే పాట పాడినవాడిదన్నాడు. పంచిపెట్టడానికి ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

"మరి మీ అమ్మాయికి తెలిసేదెట్లా, భాయ్?" అన్నాను. సింధ్‌లో వాళ్ల ఊళ్లో కాలేజీ చదువుతున్న ఆ పిల్ల తనను కవిగా ఒప్పుకోవాలన్నది ఆయన ఒకే ఒక్క ఆశ. సెలవుల్లో తప్ప ఆమెకు తండ్రిగా కూడా కనబడింది లేదు.

"పేరెందుకు ఇంజినీర్ సాబ్? నా పాటైతే అది ఇట్టే పోల్చుకుంటుంది."

తర్వాత రియాద్ శివారు సులైలో గోదాము లారీ నడిపే సింధీ ఒకడు ఆయన పాట పాడి ఫోన్లలోకి వదిలాడు. గొంతు బాగుంది. ఆఖరి చరణంలో ఖాళీ కనిపించిందేమో, తన పేరు పెట్టుకున్నాడు. పాట సముద్రం దాటింది.

"మీరు వాణ్ని అడగరా?" అన్నాను.

"ఏమని? దున్నుకున్నాడు." నవ్వాడు. టీ మాత్రం ముట్టుకోలేదు.

"పిల్లకన్నా చెప్పండి భాయ్."

"చెబితే ఇన్నాళ్లు నమ్మిందంతా ఏం కాను? అదే కనుక్కుంటుంది, చూడండి."

మరుసటి శుక్రవారం అదే బల్ల దగ్గర ఉండగా వాళ్లమ్మాయి వీడియో కాల్ చేసింది. అంకుల్‌కు సలాం చెప్పమని ఆయన ఫోను నావైపు తిప్పాడు. నాకోసం ఆమె ఉర్దూలోకి మారింది. కాలేజీలో అందరి నోటా ఆ లారీ ఆయన పాటేనంది. రెండు చరణాలు పాడి వినిపించింది కూడా. బాగా పాడింది. ఆయన కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఇప్పుడు పోల్చుకుంటుంది, ఇదిగో ఇప్పుడు అన్నట్టు.

"అంకుల్, ఆయన మీ రియాద్‌లోనే ఉంటాడట కదా? మా బాబాను ఒకసారి ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. పాట రాయడమంటే ఏంటో నేర్చుకుంటాడు."