పౌడరు పూసిన లెక్కల కార్డులు

మా ప్రొద్దుటూరులో పెళ్లిపత్రిక మొదలు కరెంటు బిల్లు దాకా లామినేషన్ చేయించందే ఎవరికీ నిద్రపట్టదు. నేను పాఠం చెప్పే మూడో తరగతి లెక్కల కార్డులకూ అదే మర్యాద జరిగింది. పాత కాగితం కార్డులు నలిగిపోయాయని, పులివెందుల ప్రయాణం కోసం కొత్తవి ప్రింటు తీసి తళతళలాడేలా చేయించాను.

ఒక్కో కార్డు మీద ఒక్కో రకం నల్లబొమ్మ, నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి. జవాబున్న అంచును పైకి తిప్పి పట్టుకుంటే నా ఫోను కెమెరా గదంతా చూసి ఎవరిది రైటో చెప్పేస్తుంది. "పులివెందుల బడి పిల్లలతో మా అందరి ముందూ చేసి చూపించండి. పనిచేయకపోతే ఇంక బడిలో ఫోను బయటికి తీయొద్దు" అని మండల అధికారి ముందే చెప్పారు. ఈ ఆట వచ్చాకే మా పిల్లలు లెక్కల పీరియడ్ కోసం ఎదురుచూస్తున్నారు. అది పోతుందేమోనని నాకు భయం.

ఉదయం ఏడింటికి బస్సెక్కాను. ఆడవాళ్లకు సున్నా టికెట్టు కాబట్టి ఖర్చల్లా దారిలో టీకే. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక కాసేపు ఆగిపోయాం. ముద్దనూరులో, జమ్మలమడుగు నుంచి వచ్చి బస్సు మారిన అవ్వ ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఏందమ్మా ఇవి, ఆధార్ కార్డులా?"

"లెక్కల కార్డులవ్వా. ఒకటి పట్టుకో, పరీక్ష పెడతా."

ముందు సీట్లవాళ్లూ చేతులు చాపారు. ఏడెనిమిదులు ఎంత అని అడిగి నాలుగు జవాబులు చెప్పాను. అవ్వ ముందు సీటాయన కార్డులోకి తొంగి చూసింది. "ఆయప్ప బొమ్మకూ నా బొమ్మకూ పోలికే లేదే" అంది. కాపీ కొట్టకుండా ఆ ఏర్పాటని చెబితే మూతి ముడుచుకుని, చివరికి బి పైకి పట్టింది.

ఫోను ఎవరి జవాబూ తీసుకోలేదు. కిటికీ ఎండ లామినేషన్ మీద పడి, తెరమీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు. తెర తుడిచి మళ్లీ పట్టినా అంతే.

"నాది యాభై ఆరు. రైటే గదా, దాంట్లో ఎందుకు పడలే?" అని అవ్వ పులివెందుల దాకా సతాయించింది.

బడికి వెళితే గదికి మూడు కిటికీలు, మూడింట్లోనూ ఎండ. ఏడుపొచ్చింది. ఫోటోలు తీస్తారు కదాని మొహానికి పౌడరు అద్దుకుంటుంటే చెయ్యి ఆగింది. మొహం జిడ్డు మెరుపు తగ్గించేది కార్డు మెరుపు తగ్గించదా? డబ్బా పిల్లల చేతికిచ్చాను. కార్డులకు పూయమంటే సగం మొహాలకే పూసుకున్నారు. లెక్కచూస్తే ఒక కార్డు తక్కువ. ఇద్దరికి కలిపి ఒకటిచ్చి మొదలుపెట్టాను. ఫోను అందరి జవాబులూ టకటకా చదివేసింది. తప్పు చెప్పినవాళ్లు కూడా "ఇంకొకటి అడగండి టీచర్" అన్నారు. అధికారి వరసగా తుమ్మి, "మిగతా బళ్లకూ మీరే నేర్పండి. పౌడరు ఖర్చు మాత్రం మీదే" అన్నారు.

సాయంత్రం బస్సులో మళ్లీ అదే అవ్వ. సంచిలోంచి నా కార్డు తీసింది. ఆకువక్క సున్నం అంటుకుని దాని మెరుపు ఎప్పుడో పోయింది.

"పొద్దున్నుంచీ ఇదే ఆలోచిస్తాండా. నాది రైటో కాదో తేల్చమ్మా."

ఆమె మళ్లీ బి పైకి పట్టింది, నేను పొద్దుటి లెక్కే తెరిచి ఫోను పట్టాను. రైటు పడింది. అవ్వ ఫోను లాక్కుని బస్సంతా చూపించింది. "చూడండప్పా, రైటంట." నా పిల్లలు ఆ పీరియడ్ కోసం ఎందుకు కాచుకుంటారో ఆమె మొహం చూశాక నాకు బాగా తెలిసింది.

ముద్దనూరులో దిగేటప్పుడు కార్డు అడిగితే ఇవ్వలేదు. "నా రైటు దీంట్లో ఉండాది, ఎట్లిస్తా?" అని రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. రేపు కొత్త కార్డు ఒకటి చేయాలి, లామినేషన్ లేకుండా.