తుఫాను రోజు బొమ్మ

బరంపురం బడాబజార్ సందులో మా చిన్నాన్నకి స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. దాని మేడమీద ఖాళీగా పడి ఉన్న రెండు గదుల్లో, దీపావళి వెళ్ళిన వారానికి, నేనూ నా స్నేహితురాలూ మా స్టూడియో తెరిచాం. అంతకు ముందు పదకొండేళ్ళు నేనొక ఇంజినీరుగారి ఆఫీసులో ప్లాన్లు గీశాను. ఆమెది అదే ఆఫీసులో నా పక్క కుర్చీ. ఒడియా మనిషే గాని చిన్నప్పటి నుంచీ తెలుగువాళ్ళ వీధిలో పెరిగింది. మా మాట మాలాగే మాట్లాడుతుంది.

మా పనేమిటో చిన్నాన్నకి చెప్పడం అంత సులువు కాలేదు. ఇల్లు కట్టకముందే ప్లాను చూసి, కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో ఫోటోలాంటి బొమ్మ తయారుచేస్తామన్నాను.

"కట్టని ఇంటికి ఫోటో ఏటమ్మీ? పుట్టని పిల్లకి బారసాల సేసినట్టుంది," అన్నాడు.

"ముందే సూస్తే తప్పులు తెలుస్తాయి కదా చిన్నాన్నా."

"తెలిస్తే ఏటి సేస్తారు? మారుస్తారేటి?"

"ఇల్లే కదా, మార్సొచ్చు."

వాదనలో నెగ్గడానికి అన్న మాట అది. అప్పటికి మా బొమ్మ చూసి ఎవరూ ఏ గోడనీ కదిపింది లేదు.

మొదటి పని దిగపహండి నుంచి వచ్చింది. ఒక రైసుమిల్లు యజమాని తల్లి కోసం ఇల్లు కట్టిస్తున్నాడు. మూడు వారాలు కూర్చుని హాలు బొమ్మ చేశాం. కంప్యూటర్లో గోడలు, కిటికీలు, సామాన్లు నేను కట్టేదాన్ని. వెలుతురు పని నా స్నేహితురాలిది. ఆమె వెలుతురు పెడితే గచ్చు మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందా అని చూడాలనిపించేది. బొమ్మని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, బస్సెక్కి తీసుకెళ్ళాం.

ఆ తల్లి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఈ కిటికీ ఏ తట్టుది?"

"ఉత్తరం తట్టుదండి," అన్నాను.

"ఉత్తరం నుంచి ఇంత ఎండొస్తాదేటమ్మా మీ ఊర్లో?"

కొడుకు నవ్వాడు. మేం నవ్వలేకపోయాం.  తిరుగు బస్సులో నా స్నేహితురాలు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "అందం కోసం పెట్టాను. అక్కడ ఎండ రాదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

ఇద్దరం ఆరోజే అనుకున్నాం. ఏ బొమ్మలోనైనా సూర్యుడు ఉండాల్సిన చోటే ఉండాలి. మళ్ళీ చేస్తే హాలు మసకగా వచ్చింది. ఆ మసక బొమ్మే తీసుకెళ్ళి చూపించాం. మిల్లు యజమాని దాన్ని చూసి మేస్త్రీని పిలిచి, తూర్పు గోడకి ఇంకో కిటికీ పెట్టమన్నాడు. తిరిగి వస్తుంటే మా ఇద్దరికీ కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ మసక బొమ్మ కథ ఎలా వెళ్ళిందో భువనేశ్వర్‌లో ఒక పెద్దాయన దాకా వెళ్ళింది. ఆయన ఆర్కిటెక్టు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పొడంపేటలో, ఒక స్వచ్ఛంద సంస్థ జాలర్ల కోసం ఒక హాలు కట్టాలనుకుంది. మామూలు రోజుల్లో అందులో పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు. తుఫాను వస్తే ఊరంతా తలదాచుకుంటుంది. ప్లాను ఆయనదే. ఫోను చేసి ఒడియాలో చెప్పారు: "ప్లాను కాగితం చూపిస్తే జనం తలూపుతారు. నాకు తలూపడం వద్దు. వాళ్ళ మాట కావాలి. అందుకే బొమ్మ."

మాఘమాసం ఆఖర్లో వెళ్ళాం. గంజాం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట మీద కట్టడి ఉంది, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. అందుకని మీటింగుకి మగవాళ్ళు కూడా బాగానే వచ్చారు. మేం బొమ్మ విప్పాం. నీలం ఆకాశం, అద్దంలాంటి సముద్రం, తెల్లటి హాలు, ముందర అటూ ఇటూ నడిచే మనుషులు. ఆ మనుషుల్ని మేం చెయ్యలేదు. ఇలాంటి బొమ్మల్లో అతికించుకోవడానికి ఇంటర్నెట్లో రెడీగా దొరుకుతారు.

ముందు వరసలో ఎండుచేపల వ్యాపారం చేసే ఒకావిడ కూర్చుంది. ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. లేచి వచ్చి బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈలెవులు?"

వెంటనే ఇంకో చోట వేలు పెట్టింది. "కుక్కని తాడుతో పట్టుకుని తిప్పతన్న ఈ తెల్లమ్మ ఎవులు? మా ఊరి కోడలేటి?"

ఊరంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను గాని చెవులు వేడెక్కాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"నవ్వులాటకి కాదు. ఏటంటే, ఆకాశం ఇలాగుంటే మా ఇళ్ళు మాకు సాలు. ఇలాటి రోజు బొమ్మ మాకేల? తుఫాను రోజున ఈ బిల్డింగు ఎలాగుంటాదో సూపించండి. అప్పుడు సెప్తాం, మాకు పనికొత్తాదో నేదో."

పెద్దాయన నా వైపు తిరిగారు. "చెయ్యగలరా?"

మా పనిలో ఆకాశం ఎప్పుడూ తేటగానే ఉంటుంది. తుఫానులో ఇల్లు చూపించమని అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. చూసి నేర్చుకోవడానికి ఒక్క నమూనా కూడా లేదు. అయినా "చేస్తాం" అన్నాను. నా స్నేహితురాలు నా మోచెయ్యి గిల్లింది. వద్దనో, సరేననో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ వేసవిలో ఎనిమిది సార్లు పొడంపేట వెళ్ళాం. ముందు అడిగి, ఒప్పుకున్న వాళ్ళందరికీ ఫోటోలు తీశాం. గంప నెత్తిన పెట్టుకుని ఆ సంఘం పెద్ద నిలబడింది. సరుగుడు చెట్లు, మొగలి పొదలు, తడిసిన ఇసక, ఎండిన ఇసక, అన్నీ తీసుకున్నాం. తుఫాను ఎలా ఉంటుందో ఒక ముసలి జాలరి మాకు చెప్పాడు. వాన పైనుంచి పడదట, అడ్డంగా వస్తుందట. రాళ్ళు రువ్వినట్టు తగులుతుందట.

"నీళ్ళు ముందర సముద్రం కాడ నుంచి ఒత్తాయనుకుంటారు మీరు. కాదు. నది పొంగి ఎనకమాల నుంచొత్తాయి," అన్నాడు.

"ఎంత లోతు వచ్చాయి తాతా?" నా స్నేహితురాలు అడిగింది.

అతను హాలు కట్టబోయే స్థలానికి నడిచి, ఒక చోట ఆగి, నడుం మీద చెయ్యి ఆన్చాడు. "నానిక్కడ నిల్సున్నాను. ఇక్కడికొచ్చాయి." ఆమె టేపు తీసి నేల నుంచి అతని చేతి దాకా కొలిచి పుస్తకంలో రాసుకుంది.

రథయాత్ర ముందు ఆమెకి బెంగళూరులో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మెట్ల మీద కూర్చుని చెప్పింది. "పెద్ద పనులు చెయ్యాలని నాకూ ఉంది. ఇప్పుడు ఎల్లకపోతే ఇంక ఎల్లలేను." "ఎల్లు మరి," అన్నాను.  రెండు రోజులు పని మాటలు తప్ప వేరే మాటల్లేవు. మూడో రోజు ఆమె తన కుర్చీలోంచి లేచి నన్ను అందులో కూర్చోబెట్టింది.

"వారం ఉంది. వెలుతురు నేర్చుకో. నేను మౌసు ముట్టుకోను."

అన్నట్టే వారమంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. నేను ఆకాశం నల్లగా పెడితే తల అడ్డంగా ఊపింది. "తుఫాను పగలు నలుపు కాదు. గుర్తు తెచ్చుకో, మనం అందరం చూసిందే. పాచి రంగు, బూడిద రంగు కలిసినట్టుంటుంది. గోడలకి నీడ కూడా ఉండదు." ఆదివారం ఆమె రైలెక్కింది. స్టేషన్లో ఇద్దరం ఏడిచాం. సోమవారం పొద్దున్న మేడ మెట్లు ఒక్కదాన్నే ఎక్కాను.

శ్రావణం, భాద్రపదం ఆ ఒక్క బొమ్మతోనే గడిచాయి. మొదటిసారి చేసింది తుఫానులా లేదు, మామూలు సాయంత్రంలా ఉంది. రెండోసారి వాన గాజుపూసల దండల్లా వేలాడింది. బొమ్మతో పాటు ఒక్క నిమిషం పాటు కదిలే సినిమా కూడా చెయ్యాలనుకున్నాను. కంప్యూటరు దాన్ని తయారుచెయ్యడానికి ఆరు రోజులు ఆగకుండా నడవాలి. అయిదో రోజు పిడుగు పడి కరెంటు పోయింది, కంప్యూటరూ పోయింది. బాగుచేయించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిన రోజున, కింద నుంచి చిన్నాన్న ఒక కూలీతో కొట్లో ఇన్వర్టరు మోయించుకుని పైకి వచ్చాడు.

"మరి కొట్లో ఫేన్లు?" అన్నాను.

"ఉక్కపోస్తే సచ్చిపోంలే. ఆ వాన పూర్తి సెయ్యి."

ఆ సినిమాలో నది నీళ్ళు పెట్టేటప్పుడు, నా స్నేహితురాలి పుస్తకం తెరిచి, ముసలాయన చూపించిన ఎత్తు చూసి, అంతే పెట్టాను. పెట్టి చూస్తే హాలు గుమ్మమూ, దానికెక్కే ఏటవాలు దారీ నడుంలోతు నీళ్ళలో ఉన్నాయి. రోడ్డు అటే ఉంది కాబట్టి ప్లానులో గుమ్మం నది వైపు పెట్టారు. నేనే తప్పు చేశాననుకున్నాను. మూడుసార్లు కొలతలు సరిచూశాను. తప్పు లేదు. తుఫాను వస్తే జనం ఆ నీళ్ళలోంచే లోపలికి వెళ్ళాలి.

పెద్దాయనకి ఫోను చెయ్యడానికి కాస్త ధైర్యం కావలసి వచ్చింది. ఆయన నలభై ఏళ్ళుగా కడుతున్న మనిషి. నేను బొమ్మలు చేసేదాన్ని.

"అయ్యా, మీ గుమ్మం నీళ్ళలో ఉంది."

 "ఆ కొలత ఎక్కడిది?"

"ఒక జాలరి నడుంది."

మర్నాడు ఆయనే బరంపురం వచ్చారు. నా పక్కన కూర్చుని సినిమా నాలుగుసార్లు చూశారు. "నా దగ్గరున్న సర్వే పొడి రోజుల్లో చేసింది," అని మాత్రం అన్నారు. అక్కణ్ణించి నేరుగా పొడంపేట వెళ్ళి ముసలాయనతో స్థలమంతా తిరిగారు. పది రోజుల్లో కొత్త ప్లాను వచ్చింది. గుమ్మం ఇసక దిబ్బ మెరకగా ఉన్న పక్కకి తిరిగింది. ఏటవాలు దారి వెడల్పయింది. నేను సినిమా మళ్ళీ చేశాను. ఈసారి విసుగు రాలేదు.

కార్తీకంలో రెండో మీటింగు. పగలే, ఒక ఇంటి లోపల తలుపులు మూసి, తెల్ల దుప్పటి మీద చూపించాం. సరుగుడు చెట్లు వంగాయి. వాన అడ్డంగా కొట్టింది. వాళ్ళ ఊరి మనుషులే పిల్లల్ని ఎత్తుకుని పైకెక్కారు. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయిపోయాక మళ్ళీ వెయ్యమన్నారు. రెండోసారి సంఘం పెద్ద లేచి దుప్పటి దగ్గరికొచ్చింది.

"ఇదుగో నాను. నెత్తి మీద గంప. ఆరోజు గంపెత్తుకుని ఎవులెల్తారమ్మా? మనవరాల్ని ఎత్తుకుంటాను. మార్సు."

"మారుస్తాను," అన్నాను.

"మరి మేకలేవి?"

 మేకల సంగతి మాకెవరికీ తట్టలేదు.

"మేకల్ని ఒగ్గేసి ఎవులూ రారు. అందుకే కిందటి తుఫానులో సగం మంది ఇళ్ళల్లో ఉండిపోయారు," అంది.

పెద్దాయన అక్కడే మోకాలి మీద ప్లాను పెట్టుకుని, హాలు ముందరి అరుగు పక్కన మేకలకి ఒక గట్టు గీసి ఆవిడకి చూపించారు. ఎన్ని మేకలు పడతాయో, ఎటునుంచి ఎక్కుతాయో ఆవిడ అడిగింది. ఆయన చెప్పారు. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి ఊరివాళ్ళతో, "పనికొత్తాది. కట్టనివ్వండి," అంది.

సినిమా బెంగళూరు పంపాను. నా స్నేహితురాలు వెంటనే ఫోను చేసింది. మొదటి మాటే, "గోడ మీద ఇంకా కొంచెం నీడ ఉంది, తీసెయ్." తర్వాత గొంతు మారింది. "నేనున్నా ఇంతకన్నా బాగా చేసేదాన్ని కాదు." తీసేశాను. ఆమె వెళ్ళినందుకు మనసులో ఉన్న ముల్లు ఏ మూలో ఇంకా ఉంది. అయినా ఆమె లేకపోతే ఆ ఆకాశం నాకు వచ్చేది కాదు.

మార్గశిరంలో పునాదులు తవ్వారు. అప్పటికి ఖల్లికోట నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకావిడ నా దగ్గర పనిలో చేరింది. ఆమెకి వెలుతురు నేర్పుతున్నాను, మౌసు ముట్టుకోకుండా. ఒక పొద్దున్న ఇద్దరం పొడంపేట వెళ్ళాం. స్తంభాల ఇనుప చువ్వలు లేచి నిలబడ్డాయి. గుమ్మం రాబోయే చోట పోసిన మట్టి దిబ్బ ఎక్కి సముద్రం వైపు చూశాను. నా బొమ్మలో అక్కణ్ణించి సముద్రం కనిపిస్తుంది. నిజానికి ఇసక మెరక అడ్డం వచ్చి, కెరటాల చప్పుడు తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరూ గమనించలేదు, ఎవరూ అడగరు కూడా. మధ్యాహ్నం బస్సుకే వెనక్కి వచ్చి, కంప్యూటరు తెరిచి, ఆ మెరకని ఉన్నంత ఎత్తుకి లేపాను.