రైటరు వెంకటముని చేసిన పెళ్లి

పుంగనూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల కొట్టంలో కూర్చుని దస్తావేజులు రాసే వెంకటముని దగ్గర పని చేయించుకోవాలంటే మనిషికి ఓపిక ఉండాలి. పక్క రైటర్లు పది నిమిషాల్లో ముగించే కాగితాన్ని ఆయన గంటసేపు సాగదీస్తాడు. రాసిందంతా టీ అంగడి దాకా వినపడేలా నిదానంగా చదువుతాడు. ఆస్తి రాసిచ్చేది ఆడమనిషైతే కొడుకుల్నీ అల్లుళ్లనీ బయటికి పొమ్మని, “ఇందులో ఏం రాసుండాదో నీ మాటల్లో సెప్పమ్మా” అంటాడు. తల ఊపితే ఒప్పుకోడు. “తల గాలికి గూడా ఊగుతాది. నోటితో సెప్పాల” అంటాడు. విసుగెత్తినవాళ్లు ఆయనకు నోరు తెరిపించే రైటరని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరు తెలుసు, లెక్కచెయ్యడు.

ఈ చాదస్తం పుట్టుకతో వచ్చింది కాదు. పని నేర్చుకున్న కొత్తలో బయ్యమ్మ అనే ముసలామె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించాడు. “ఆమెకంతా తెలుసులే, కానీ” అని అల్లుడు తొందరపెడితే గబగబా చదివేశాడు. బయ్యమ్మ తల ఊపింది. రెండు వారాలకు మూట చంకన పెట్టుకుని వచ్చి, “ఆ పొద్దు నాతో ఏం రాయించినావు నాయనా?” అని అడిగింది. ఇల్లు పోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆ రోజు నుంచి వెంకటముని నోటిమాట లేకుండా ఎవరి చేతా వేలిముద్ర వేయించలేదు.

రెండువేల ఒకటో సంవత్సరంలో ఆయన అక్క కూతురు యమున పెళ్లి వచ్చిపడింది. యమున మదనపల్లెలో నర్సు ట్రైనింగు చేస్తోంది. అక్కడి ఆసుపత్రిలో తల్లికి వైద్యం చేయించడానికి వచ్చిన మునిచంద్ర అనే అబ్బాయిని ఇష్టపడింది. అతను కుప్పం దగ్గర గుడుపల్లెలో బడిపంతులు. అతని అమ్మానాన్నా జన్మంతా ఒకరి చేలల్లో కూలి చేసినవాళ్లు. యమున నాన్న కొండప్పకు పుంగనూరు బజారులో చిల్లర అంగడి ఉంది, అంగడి కన్నా పెద్ద పరువూ ఉంది. ఆరు నెలలు అన్నం సరిగ్గా తినకుండా సాధించాడు గానీ కూతురు దిగిరాలేదు.

చివరికి తానే దిగివచ్చి, పురోహితుణ్ణి మాట్లాడతానన్నాడు. అక్కడ మునిచంద్ర అడ్డం తిరిగాడు. “మా నాయన పెండ్లికి పిలిస్తే మా వీధికి రాని పురోహితుడు నా పెండ్లికి యాల మామా? మంత్రాలు లేకుండానే చేసుకుంటాం” అన్నాడు. యమున కూడా అదే మాట మీద నిలబడింది.

కొండప్ప బామ్మర్దిని పిలిచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. “ఇదో వెంకటమునీ, మంత్రాలు లేకపోతే పోనీ. పెద్దమనిషి ఒకడు నిలబడి పదిమంది ముందర సేయాల. ఎవురూ లేకుండా దండలు మార్సుకుంటే అది పెండ్లి గాదు, లేసిపోయినట్టు. రెండో శనివారం పది గంటలకు పెండ్లి. శుక్రవారం సాయంత్రానికి మనిషి దొరక్కపోతే పెండ్లి లేదు, పాడూ లేదు.”

ఎవరూ దొరక్కూడదనే కొండప్ప మొక్కుకుంటున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. మేనమామ కాబట్టి వెతికే పని వెంకటముని మెడకు చుట్టుకుంది. ఆయనకేమీ నాస్తికత్వం లేదు. పొద్దున్నే విభూతి పెట్టుకోకుండా గడప దాటడు. కానీ యమున ఆయన భుజాల మీద పెరిగిన పిల్ల. ఆ పిల్ల మొహం మాడితే ఆయనకు అన్నం సయించదు.

బుధవారం మదనపల్లె వెళ్లాడు. అక్కడ మురళీధర్ అనే రిటైరైన లెక్చరరు ఉన్నారు. మైకు దొరికితే చాలు, మూఢనమ్మకాలను చీల్చి చెండాడే మనిషి. ముప్పై దాకా దండల పెళ్లిళ్లు చేశారు. వెంకటముని మాట పూర్తికాకముందే ఒప్పుకున్నారు. గండం గడిచిందని వెంకటముని చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచారు.

“టైము మాత్రం పదిన్నర దాటాక పెట్టుకోండి.”

“యాల సార్? కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్లు మధ్యాన్నం బస్సుకే తిరిగిపోవాల.”

“శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా… నాకేం పట్టింపు లేదండీ. జనం మాటే నేను చెప్పేది.”

వెంకటమునికి అప్పుడు వెలిగింది. రాహుకాలం! విభూతి పెట్టుకున్న తనకే తట్టని సంగతి ఈయనకు తట్టింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. ఇంటికొచ్చి చెబితే యమున నవ్వలేదు. “ఆయన వద్దు మామా” అంది. ఆ మాట సబబుగానే తోచింది గానీ, ఇంక రెండు రోజులే ఉన్నాయి.

గురువారం కుప్పం బస్సెక్కాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఓబులేసు అక్కడ మంత్రాలు లేకుండా పేదిళ్ల పెళ్లిళ్లు ఎన్నో చేశాడని విన్నాడు. వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, మెడకు గుడ్డ చుట్టుకుని. గొంతుకు ఆపరేషన్ చేశారట, మాట పోయింది. వెంకటముని నీరుగారిపోయాడు. అయినా ఇంత దూరం వచ్చాను కదా అని కథంతా చెప్పుకున్నాడు. ఓబులేసు ఆసాంతం విని, పలక తీసుకుని రాశాడు: “మీరే చేయండి.”

“నాకేం తెలుసన్నా? ఆ పెండ్లిలో ఏం సదవాలో గూడా తెలీదు.”

ఓబులేసు పలక తుడిచి మళ్లీ రాశాడు: “చదివేది ఏమీ లేదు. ఇద్దర్నీ అడగాల. జవాబు పదిమందికీ వినపడాల. అంతే పెండ్లి.”

తిరుగు బస్సు పలమనేరు చేరేదాకా వెంకటముని ఆ మూడు ముక్కలే తలచుకుంటూ కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా తాను చేస్తున్నది అదే కదా. ఇళ్లకూ పొలాలకూ అడిగిన మాట పిల్లను అడగడానికి తనకు ఏం అడ్డం?

శుక్రవారం పొద్దుగూకేలోపు కొండప్ప ముందు నిలబడి, “నేనే సేస్తా బావా” అన్నాడు.

“నువ్వా? ఆ నొసటి మీద ఇబూతేంది, నువ్వు సేసేదేంది?”

“ఇబూతి నా నొసటి మీద ఉంటాది. వాళ్ల పెండ్లిలో ఉండదు. పెద్దమనిషి కావాలంటివి. మేనమామ కన్నా పెద్దమనిషి యాడుండాడు?”

కొండప్పకు వేరే వంక దొరకలేదు.

శనివారం కొండప్ప ఇంటి ముందు షామియానా వేశారు. ఒకవైపు బజారు జనం, ఇంకోవైపు గుడుపల్లె జనం, నడుమ బారెడు ఖాళీ. పది గంటలకు వెంకటముని లేచాడు. రాహుకాలం ఇంకా పోలేదని లోపల బెరుకుగానే ఉంది. తెల్లకాగితం తీసి, అలవాటైన గొంతుతో చదివాడు. మునిచంద్ర, యమున అనే మేము ఇరువురమూ పూర్ణమనస్సుతో, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, నేటి నుంచి భార్యాభర్తలుగా ఉండుటకు సమ్మతించి… ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు.

“మునిచంద్రా, విన్నావా? సమ్మతమా?”

“సమ్మతమే.”

“యమునా, విన్నావా అమ్మా? సమ్మతమా?”

యమున తల ఊపింది. బాజాలవాళ్లు సన్నాయి ఎత్తారు. దండలు పట్టుకున్నవాళ్లు ముందుకొచ్చారు. వెంకటముని చెయ్యి అడ్డం పెట్టాడు.

“తలూపితే కాదమ్మా. నోటితో సెప్పాల.”

యమున పెదవులు కదిలాయి, మాట రాలేదు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. కొండప్ప పక్కకొచ్చి పళ్లు కొరుకుతూ, “ఏమిరా ఇది, నా పరువు తీస్తాండావా? కానీ” అన్నాడు. “కానీ” అన్న మాట వినగానే వెంకటమునికి బయ్యమ్మ గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ ఒక్క మాటకే లొంగిపోయాడు. ఈ పెళ్లి తన చేతుల్లోనే చెడిపోతుందేమోనని భయపడ్డాడు, అయినా కదలలేదు.

“తొందర లేదమ్మా. ఆలోసించుకోనే సెప్పు.”

యమున తల ఎత్తింది. “ట్రైనింగు ఇంకా ఏడాది ఉండాది మామా. పెండ్లి కాగానే మానేసి గుడుపల్లెకు రావాలని అందరూ మాట్లాడుకుంటాండారు. నన్ను ఎవురూ అడగలా. నేను మానను. దానికి ఆయన ఒప్పుకుంటే నాకు సమ్మతం.”

మునిచంద్ర మొహం ఎర్రబడింది. ఆ మాట్లాడుకున్నవాళ్లలో అతనూ ఉన్నాడు మరి. “ఒప్పుకుంటా” అన్నాడు చిన్నగా.

“ఏం ఒప్పుకుంటాండావో అది సెప్పప్పా.”

“చదువు మానొద్దు. పూర్తయ్యేదాకా నేనే మదనపల్లెకు వచ్చిపోతాంటా.”

“సమ్మతం” అంది యమున, వీధి చివరికి వినపడేలా. మునిచంద్ర తల్లి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. దండలు పడ్డాయి. కొండప్ప కళ్లు తుడుచుకుంటూ దొరికిపోయి, దుమ్ము పడిందన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరాక వెంకటముని వసారాలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒళ్లు తేలికగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు, ఈమె కూడా ఒక మాట అంటే బాగుండునని భార్య వైపు చూశాడు. తులసమ్మ పెళ్లికి కట్టుకున్న పట్టుచీర మడతపెడుతోంది.

“మంచి పని సేసినావు, పిల్లను అడిగి” అంది. చీర అంచు సరిచేస్తూ, “నన్ను ఎవురూ అడగలా” అంది.

“ఆ కాలంలో ఎవురడిగినారులే” అని నవ్వబోయాడు. తులసమ్మ నవ్వలేదు. ఆయన సర్దుకుని కూర్చున్నాడు. “అడిగుంటే ఏం సెప్పేదానివి?”

“వద్దనేదాన్ని.”

కోపంగా కాదు, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా అంది. ఇరవై రెండేళ్లు ఈమె చేతి అన్నం తిన్నాడు. ఊళ్లో ఎందరో ఆడవాళ్ల చేత నోరు తెరిపించాడు. ఇంట్లో ఈమెను ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆ తోచకపోవడమే ఆయనను ఎక్కువ బాధపెట్టింది.

“ఇప్పుడు అడిగితే?” అన్నాడు.

తులసమ్మ చేతిలో చీర పక్కన పెట్టి ఆయన మొహం వైపు చూసింది. “నిజంగా అడుగుతాండావా?”

“నిజంగానే.”

“అయితే ఆలోసించుకోని సెప్తా” అని లోపలికి వెళ్లింది.

వెంకటముని వసారాలోనే ఉండిపోయాడు. ఆమె ఏమంటుందోనని ఆయన భయపడటం అదే మొదటిసారి.