ఆల్టరక్కకు వేసిన ఓటు

బెంగళూరులో మా బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో ఎవరినీ పెట్టిన పేరుతో పిలవం. బొత్తాలు కుట్టే ఆమె గుండీ. ఊరికే బుసకొట్టే సూపర్‌వైజరు కుక్కర్. ఆయన మా వైపు వస్తుంటే ఎవరో ఒకరు "మబ్బు పట్టింది" అంటారు, కబుర్లన్నీ టక్కున ఆగిపోతాయి. కోతలు కోసేవాళ్ళను కాకి ఎగరేస్తున్నారంటాం. ఆ మాట కన్నడం నుంచి తెచ్చుకున్నాం. బాగున్న ప్రతిదీ మాకు సక్కత్తే. పేర్లు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గర్వం కూడా.

నా పక్క మిషన్ మీద కుట్టే అక్కకు ఆల్టర్ అని పెట్టిందీ నేనే. సరిగ్గా రాలేదని వెనక్కి పంపే బట్టను మేము ఆల్టర్ అంటాం. చేరిన కొత్తలో ఆమె కుట్టిన కాలర్లు రోజూ వెనక్కి వచ్చేవి. నా నోరు ఊరుకుంటుందా? అనేశాను. ఆరేళ్ళలో ఆమె చేయి తిరిగింది, పేరు మాత్రం మారలేదు. రేషన్ కార్డు దగ్గర్నుంచి మొగుడి తాగుడు దాకా ఎవరికి ఏ చిక్కొచ్చినా ఆల్టరక్క దగ్గరికే పరిగెత్తేవాళ్ళం.

ఈ ఏడాది కార్మికుల కమిటీకి ఎన్నిక పెట్టారు. మా లైన్లో బాత్రూమ్‌కి పోవాలంటే టోకెన్ తీసుకోవాలి. లైను మొత్తానికి రెండే టోకెన్లు! మేమంతా నిలబడమంటే, వాటిని తీసేయిస్తానని ఆల్టరక్క నిలబడింది. అవి ఉండాల్సిందేనని కుక్కర్ తన మనిషిని పోటీకి దింపాడు. ఆమె ఓడితే మళ్ళీ పొట్ట బిగబట్టుకుని కుట్టాల్సిందే.

నోటీసు బోర్డు మీద పేర్లు అతికించిన రోజు అందరం ఎగబడ్డాం. మూడు పేర్లున్నాయి. వాటిలో మా అక్కది ఏదో ఒక్కరికీ తెలియదు! ఆరేళ్ళు ఒకే డబ్బాలో అన్నం తిన్న నాకూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమే వచ్చి రెండో పేరు మీద వేలు పెట్టింది.

"మా నాయన పెట్టినాడు. మళ్ళా దాంతో ఎవురు పిలిచినారులే," అని నవ్వింది.

ఓటంటే చీటీ మీద ఆ పేరు రాసి డబ్బాలో వేయడం. బోర్డు మీద లేని పేరు రాస్తే చెల్లదు. గడువు మూడు రోజులే! నేను పంతులమ్మనైపోయాను. నీళ్ళ కుళాయి దగ్గర, బస్సులో, గేటు దగ్గర అందరిచేతా ఆ పేరు వల్లె వేయించాను. నోరు జారి ఆల్టర్ అన్నవాళ్ళు తమ డబ్బాలో కూర అందరికీ పంచాలని షరతు పెట్టాను. మొదటి రోజే నా వంకాయ కూర పోయింది.

ఓట్ల రోజు క్యాంటీన్లో నా వంతు వచ్చింది. గబగబా రాశాను, మడిచాను, వేశాను. చీటీ డబ్బాలో పడ్డాక వెలిగింది. ఆల్టరక్క అని రాసి చచ్చాను! ఊరందరికీ పాఠం చెప్పిన నేను! ఒక్క ఓటుతో ఆమె ఓడితే ఏ మొహం పెట్టుకుని పక్కన కూర్చోను?

లెక్కింపు మొదలైంది. ఆఫీసాయన ఒక్కో చీటీ విప్పి గట్టిగా చదువుతున్నాడు. "ఆల్టర్. ఇది చెల్లదు." ఇంకో రెండు విప్పాడు. "ఆల్టరక్క. ఇదీ చెల్లదు." పక్కన పడేసే చీటీలు పెరుగుతున్నాయి, కుక్కర్ మొహంలో నవ్వూ పెరుగుతోంది. నేను గుండీ చేయి పట్టుకుని నలిపేస్తున్నాను. ఆఖరి చీటీ అయ్యాక ఆయన కూడి, మళ్ళీ కూడి, చెప్పాడు. నాలుగు ఓట్లతో మా అక్క గెలిచింది! క్యాంటీన్ రేకులు ఎగిరిపోయేలా అరిచాం. కుక్కర్ ఎదుటే "సక్కత్!" అని గెంతాను.

అక్క మాత్రం ఆఫీసాయన బల్ల దగ్గరికి నడిచింది.

"ఆ పక్కన పెట్టిన చీటీలు ఒకసారి చూపించప్పా."

"అవెందుకమ్మా? చెల్లనివి కదా."

"మీకు చెల్లకుంటే పోనీ. నాకు రాసినవే కదప్పా అవి."

ఆయన వాటిని ఆమె ముందుకు తోశాడు. ఆమె ఒక్కొక్కటీ చదివింది. ఒకదాని దగ్గర ఆగి నా వైపు చూసింది. నా రాత ఆమెకు తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు.

"తప్పయిపోయిందక్కా. ఆ పేరు పెట్టి నిన్ను ఏడిపిస్తిని, ఇప్పుడు ఓటూ పాడుచేస్తిని."

"నోరు ముయ్యి మ్మే. మా నాయన పెట్టిన పేరు మొన్నటిదాకా ఈడ ఒక్కరికీ తెలీదు. నన్ను నిలబడమన్నది ఎవురిని చూసి?"

అని, నా చెల్లని చీటీని కళ్ళకద్దుకుంది.